థామస్ మన్రో: 200 ఏళ్ల కిందటి ఒకే లెక్కకు మూడు జవాబులు ఎలా వచ్చాయి? గణాంకాలకు ‘మెటాడేటా’ ఎందుకు అవసరం?

హైదరాబాద్-బెంగళూరు హైవే మీద పెనుకొండ దాటాక వచ్చే మండల కేంద్రం సోమందేపల్లె. ఈ ఊరి గురించి ప్రభుత్వ లెక్కలు వెతకడం మొదలుపెడితే ముందే ఒక చిక్కు వస్తుంది. ఏ జిల్లా కింద వెతకాలి?

2011 జనాభా లెక్కల్లో అయితే అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్ 4 తర్వాతి లెక్కల్లో శ్రీసత్యసాయి జిల్లా. 1882కు ముందు రికార్డుల్లో అయితే బళ్లారి జిల్లా. ఊరు ఉన్నచోటే ఉంది. దాన్ని లెక్కించే పెట్టె మాత్రం రెండుసార్లు మారింది.

ఫలానా అంకె ఏ సరిహద్దుకు, ఏ తేదీకి, ఏ నిర్వచనానికి చెందినదో చెప్పే సమాచారాన్నే గణాంక సంస్థలు మెటాడేటా అంటాయి. తేలికగా చెప్పాలంటే, లెక్క గురించిన లెక్క.

ఇది కంప్యూటర్లతో పుట్టిన మాటలా అనిపిస్తుంది. కానీ ఈ సమస్య పాతదే. ఈ కరవు సీమలో ప్రభుత్వ లెక్కలకు ఒక పద్ధతి పెట్టిన థామస్ మన్రో జీవితాన్ని చూస్తే ఆ విషయం అర్థమవుతుంది. ఆయన రెండు పెద్ద లెక్కలు చేయించారు. ఒకటి భూమిది, రెండోది బడులది. మొదటి దాంట్లో వివరం పక్కాగా ఉంది. రెండో దాంట్లో లోపించింది. ఆ లోపం చుట్టూ ఇప్పటికీ వాదన నడుస్తోంది.

ఎవరీ మన్రో?

1761 మే 27న స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పుట్టారు. తండ్రి అమెరికాతో పొగాకు వ్యాపారం చేసేవారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వ్యాపారం దెబ్బతింది. కుటుంబం అప్పుల్లో పడటంతో కొడుకు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి, 1780 జనవరిలో మద్రాసులో దిగారు.

తొలి పన్నెండేళ్లు సిపాయి జీవితమే. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌లతో కంపెనీ చేసిన యుద్ధాల్లో పాల్గొన్నారు. ఈ మధ్యలోనే పర్షియన్, హిందుస్తానీ నేర్చుకున్నారు. అప్పట్లో రెవెన్యూ కాగితాలు చదవాలంటే ఆ భాషలు రావాలి.

1792లో ఆయన దారి మారింది. టిప్పు నుంచి కంపెనీ చేతికి వచ్చిన బారామహల్ ప్రాంతంలో, అంటే నేటి కృష్ణగిరి, ధర్మపురి వైపు, కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద శిస్తు పనిలో చేరారు. పొలాన్ని కొలవడం, రైతు పేరు రాయడం, శిస్తు నిర్ణయించడం అక్కడే నేర్చుకున్నారు. ఏడేళ్లు ఆ పనిలో ఉన్నాక కొంతకాలం కెనరాలో పనిచేశారు.

1800 అక్టోబరు 12న నిజాం ఒక ఒప్పందంతో రాయలసీమ ప్రాంతాన్ని కంపెనీకి వదులుకున్నారు. ఇలా దత్తం చేసిన ప్రాంతం కాబట్టి దీనికి దత్త మండలాలు అని పేరు వచ్చింది. దానికి ప్రిన్సిపల్ కలెక్టర్‌గా మన్రో వచ్చారు. ఆయన కింద నలుగురు కలెక్టర్లు. మన్రో తొలి కేంద్రం అనంతపురం. 1807 దాకా ఏడేళ్లు ఎక్కువగా గుడారాల్లో ఉంటూ ఊరూరూ తిరిగారు.

భూమి లెక్క: అంకె కంటే ముందు కొలత

మన్రో వచ్చేనాటికి ఈ ప్రాంతంలో దాదాపు 80 మంది పాళెగాళ్లు ఉన్నారు. వాళ్లను అణచడం ఆయన మొదటి పని అయింది. ఆ తీరుపై లండన్‌లోని కంపెనీ డైరెక్టర్ల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. రెండో పని భూమిని కొలవడం.

అప్పటిదాకా పల్లెల్లో పొలం ఎంత అంటే, ఎన్ని తూముల విత్తనం పడుతుందో చెప్పే అలవాటు ఉండేది. తూము ఊరికొక తీరు. నేలను బట్టి విత్తనం కూడా మారుతుంది. కరణం లెక్కలో ఉన్న పొలం, పక్క ఊరి లెక్కలో ఉన్న పొలం ఒకటే పరిమాణమా అంటే చెప్పలేం. రెండు ఊళ్ల లెక్కలు కలిపితే వచ్చే మొత్తానికి అర్థం ఉండదు.

1802లో మన్రో పైమాషీ, అంటే భూముల సర్వే, మొదలుపెట్టారు. కొలవడం తెలిసిన నలుగురు గుమాస్తాలతో మొదలై, తర్వాత వాళ్లు నేర్పిన వాళ్లతో జట్లు పెరిగాయి. అన్ని జట్లకూ ఒకే గొలుసు ఇచ్చారు. దాని పొడవు 33 అడుగులు. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉన్న ముక్క ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరా.

సాగు భూమితో ఆగలేదు. దారులు, ఊరి స్థలాలు, చెరువుల అడుగులు, బీళ్లు కూడా కొలతలోకి వచ్చాయి. కొండలు, రాతి గుట్టల్ని కంటి అంచనాతో రాశారు. ఏది గొలుసుతో కొలిచింది, ఏది అంచనా వేసింది అన్నది వేరుగా తెలిసేది.

ఒక జట్టు కొలిచిన దాన్ని పైవాళ్లు మళ్లీ కొలిచి చూసేవారు. మెట్ట భూమిలో పదో వంతు, మాగాణిలో ఇరవయ్యో వంతు తేడా వరకు సహించే పద్ధతి పెట్టారు. అంతకు మించితే కొలిచినవాడిపై చర్య. ఈనాటి సర్వే నివేదికల్లో కనిపించే పొరపాటు పరిమితి అన్న భావనకు ఇది పాత రూపం.

గణాంక అధికారులు ఈరోజు మెటాడేటా కింద అడిగే వివరాల్లో చాలావరకు ఇక్కడ ఉన్నాయి. కొలమానం ఏమిటి, ఏమేం లెక్కలోకి వచ్చాయి, ఎవరు కొలిచారు, ఎలా సరిచూశారు, ఎంత తేడా ఉండొచ్చు.

కొలమానం రాయకపోతే ఏమవుతుందో మనకు ఇప్పుడూ అనుభవమే. తెలంగాణలో స్థలం గుంటల్లో చెబుతారు, ఆంధ్రప్రదేశ్‌లో సెంట్లలో చెబుతారు. గుంట అంటే రెండున్నర సెంట్లు, 121 చదరపు గజాలు. 5 అని రాసి పక్కన గుంటలో సెంట్లో రాయకపోతే 605 గజాల స్థలం 242 గజాలు అయిపోతుంది.

ఏడాది సంగతీ అంతే. రెవెన్యూ రికార్డుల్లో ఫసలీ సంవత్సరం ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడాది మొదలైన ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. ఫసలీ 1435 అంటే 2025 జులై నుంచి 2026 జూన్ వరకు. అడంగల్‌లో పంట ఏ కాలానికి చెందిందో తెలియాలంటే ఈ చిన్న సూత్రం తెలియాలి.

మంచి కొలత అంటే మంచి శిస్తేనా?

కాదు. మన్రో కంపెనీ ఉద్యోగి. కొలిచింది శిస్తు కోసమే. ఆ కొలతపై కట్టిన శిస్తు పంటలో దాదాపు 45 శాతానికి చేరింది. వానలు సరిగా పడని ఈ నేలకు ఇది మోయలేని భారం.

1807లో సెలవుపై వెళ్లే ముందు, శిస్తును నాలుగో వంతు తగ్గించాలని మన్రో సిఫారసు చేశారు. అలా తగ్గిస్తే పంటలో సుమారు మూడో వంతుకు వస్తుంది. కంపెనీ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఊళ్లను గుత్తకు ఇచ్చే పద్ధతి తెచ్చింది. 1808లో దత్త మండలాలను బళ్లారి, కడప జిల్లాలుగా విడదీశారు. పెనుకొండ ప్రాంతం బళ్లారిలోకి వెళ్లింది.

మన్రో ఇంగ్లండ్‌లో కొన్నేళ్లు ఉన్నారు. 1814లో న్యాయ వ్యవస్థ సంస్కరణల కమిషన్ అధిపతిగా తిరిగొచ్చారు. మరాఠా యుద్ధంలో పనిచేశారు. 1820 జూన్‌లో మద్రాసు గవర్నర్ అయ్యారు. అప్పుడు రైతుతో నేరుగా శిస్తు కుదుర్చుకునే రైత్వారీ పద్ధతి మళ్లీ వచ్చింది. పదమూడేళ్ల కిందట ఆయన అడిగిన తగ్గింపూ అమల్లోకి వచ్చింది.

బడుల లెక్క: ఒక ఫారం, రెండున్నరేళ్ల ఎదురుచూపు

1822 జూన్ 25న మన్రో మరో లెక్క అడిగారు. మద్రాసు ప్రెసిడెన్సీలో చదువు ఎలా ఉంది? అందరు కలెక్టర్లకూ ఒకే ఫారం వెళ్లింది. బడులెన్ని, విద్యార్థులెందరు, వాళ్లలో బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, ఇతర కులాలు, ముస్లింలు ఎందరు, మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు అన్నవి అందులో గడులు.

ఫారం ఒకటే అయినా నింపినవాళ్లు ఒకేలా నింపలేదు. కెనరా కలెక్టర్ పట్టిక నింపనే లేదు. తన జిల్లాలో చదువు ఎక్కువగా ఇళ్లలో సాగుతుందని, ఫారం నింపినా సరైన అంచనా రాదని రాశారు. కొన్ని జిల్లాల జవాబులు కొన్ని నెలల్లో వస్తే, కడప జవాబు 1825 ఫిబ్రవరిలో వచ్చింది. మద్రాసు నగరం ఇళ్లలో చదువుకునేవాళ్లనూ లెక్కించింది. మిగతా జిల్లాల నుంచి ఆ లెక్క లేదు.

అన్నిటికంటే వివరంగా జవాబు ఇచ్చిన వారిలో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ ఒకరు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన పండితుడు ఆయన. 1823 ఆగస్టు నాటి ఆయన నివేదిక ప్రకారం జిల్లా జనాభా 9,27,857. బడులు 533. విద్యార్థులు 6,641. వారిలో ఆడపిల్లలు 60 మంది.

ఆయన ఫారంలో లేని ఒక వివరాన్ని కూడా చేర్చారు. అది బోధనా భాష. 533 బడుల్లో కన్నడవి 235, తెలుగువి 226, మరాఠీవి 23, సంస్కృతానివి 23, పర్షియన్‌వి 21, తమిళానివి 4, ఇంగ్లిష్‌ది 1. బళ్లారి జిల్లా అనే పేరు కింద రెండు భాషల ప్రాంతాలు కలిసి ఉన్నాయన్న సంగతి ఈ ఒక్క అదనపు గడి వల్లే తెలుస్తోంది. పెనుకొండ వైపు పల్లెల చదువు గురించి అంచనా వేయాలనుకునే వారికి ఇదొక ఆధారం.

ఒకే సమాచారం, మూడు జవాబులు

1826 మార్చి 10న మన్రో మొత్తం లెక్క ప్రకటించారు. ప్రెసిడెన్సీ జనాభా 1,28,50,941. బడులు 12,498. విద్యార్థులు 1,88,650.

అయితే ఎంతమంది చదువుకుంటున్నట్టు? మన్రో ఇక్కడ మూడు మెట్లు ఎక్కారు.

మొదటిది, మొత్తం జనాభాతో పోల్చడం. అలా చూస్తే వందకు ఒకటిన్నర మంది మాత్రమే.

రెండోది, చదివే వయసు వాళ్లతో పోల్చడం. జనాభాలో సగం మగవాళ్లు, వారిలో తొమ్మిదో వంతు 5 నుంచి 10 ఏళ్ల వాళ్లు అనుకుంటే 7,13,000 మంది బాలురు. బడుల్లో ఉన్న బాలురు 1,84,110. అంటే నాలుగో వంతుకు కాస్త ఎక్కువ.

మూడోది, ఇంటి చదువును కలపడం. మద్రాసు నగరంలో ఇళ్లలో చదివేవాళ్లు దాదాపు 27 వేల మందని, బడుల్లో ఉన్నవాళ్ల కంటే ఐదు రెట్లకు పైగా అని నివేదిక వచ్చింది. ఆ సంఖ్యలో పొరపాటు ఉండొచ్చని మన్రోకే అనుమానం. అయినా ఇంటి చదువును పూర్తిగా వదిలేయలేం కాబట్టి, చదివే బాలుర వాటా మూడో వంతుకు దగ్గరగా ఉంటుందని తేల్చారు.

ఒకటిన్నర శాతం, 26 శాతం, 33 శాతం. మూడూ ఒకే కాగితాల నుంచి వచ్చినవే. ఒక్కదాన్నీ తప్పనలేం. దేంతో భాగించారు, ఏ వయసు తీసుకున్నారు, బడి అంటే ఏమిటి అన్నవి మారాయి, అంతే. మన్రో మూడింటి పక్కనా కారణం రాశారు.

ఆ తర్వాత అంకెలు ప్రయాణించాయి, కారణాలు వెనకబడ్డాయి. 1931లో లండన్‌లో గాంధీ, బ్రిటిష్ పాలనలో అక్షరాస్యత తగ్గిందని అన్నారు. విద్యావేత్త ఫిలిప్ హార్టాగ్ ఆధారాలు అడిగారు. ఆ వాదన ఏళ్ల తరబడి నడిచింది. 1983లో ధరంపాల్ ఈ కలెక్టర్ల నివేదికలన్నిటినీ ‘ద బ్యూటిఫుల్ ట్రీ’ పుస్తకంలో వెలుగులోకి తెచ్చారు. చదువు బాగుండేదని చెప్పేవారు మూడో అంకె, లేదని చెప్పేవారు మొదటి అంకె ఎత్తుకోవడం సోషల్ మీడియాలో ఇప్పటికీ చూస్తాం.

క్యాంప్‌బెల్ అంకెకూ ఇదే గతి పట్టొచ్చు. బళ్లారి జిల్లాలో వెయ్యికి ఏడుగురు విద్యార్థులు. ప్రెసిడెన్సీ సగటు వెయ్యికి దాదాపు 15. చూడగానే ఈ ప్రాంతం సగం వెనకబడి ఉందనిపిస్తుంది. కొంత నిజమే కావచ్చు. ప్రజల పేదరికం వల్ల చదువు తగ్గుతోందని క్యాంప్‌బెల్ కూడా రాశారు. కానీ ఇళ్లలో చదివేవాళ్ల లెక్క లేకుండా ఆ తేడాలో ఎంత పేదరికానిది, ఎంత లెక్కింపు తీరుది అన్నది విడదీయలేం.

ఇప్పుడు ఈ పని ఎవరు చేస్తున్నారు?

ఐక్యరాజ్యసమితి ఆమోదించిన అధికారిక గణాంకాల మూల సూత్రాల్లో ఇదొకటి: లెక్క ఇచ్చే సంస్థ దాని మూలాలు, పద్ధతులు కూడా చెప్పాలి. భారత్ 2016లో ఈ సూత్రాలను స్వీకరించింది. కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ జాతీయ మెటాడేటా నమూనాను రూపొందించింది. దేశాల మధ్య లెక్కలు ఇచ్చిపుచ్చుకోవడానికి ఎస్‌డీఎంఎక్స్ అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఊళ్ల పేర్లు, జిల్లాలు మారినా జాడ పోకుండా పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ ఒక కోడ్ ఇస్తుంది.

నమూనా ఉంటే సరిపోదు. కెనరా కలెక్టర్ లాగా ఒక శాఖ గడులు నింపకపోతే అది ఖాళీ ఫారమే. ఫారం పంపినవారు, నింపినవారు ఒకే మాటను ఒకే అర్థంలో వాడేలా చూడటమే గణాంక సంస్థలకు అసలు కష్టం. నిర్వచనం మారినప్పుడల్లా పాతదాన్ని చెరపకుండా, ఎప్పుడు, ఎందుకు మారిందో రాసి ఉంచాలి.

సోమందేపల్లె రైతుకు దీంతో ఏం పని?

కరవు మండలాల ప్రకటన ఒక ఉదాహరణ. ఇందులో మొదట చూసేవాటిలో వర్షపాతం లోటు ఒకటి. వాతావరణ శాఖ లెక్కలో లోటు 19 శాతం వరకు ఉంటే సాధారణం. 20 శాతం నుంచి లోటు కిందికి వస్తుంది.

అయితే సాధారణ వర్షపాతం అంటే ఎంత? అది గత 50 ఏళ్ల సగటు. ఆ 50 ఏళ్లు ఏవన్నది మారుతుంటుంది. దేశం మొత్తానికి నైరుతి సీజన్ సగటు 1961-2010 లెక్కన 88 సెంటీమీటర్లు. 1971-2020 లెక్కన 87 సెంటీమీటర్లు.

ఒక మండలంలో సాధారణం 500 మిల్లీమీటర్లు, కురిసింది 400 అనుకుందాం. లోటు 20 శాతం. అదే వానకు సాధారణాన్ని 490గా తీసుకుంటే లోటు 18.4 శాతం. అదే ఆకాశం, అదే పొలం. మొదటి లెక్కలో లోటు మండలం, రెండో లెక్కలో సాధారణ మండలం. పంటల పరిస్థితి, వానల మధ్య విరామం, నేలలో తేమ వంటివి కూడా చూస్తారు కాబట్టి ఇదొక్కటే అంతా తేల్చదు. కానీ లోటు శాతం అడిగే రైతు, ఏ సగటుతో పోల్చారని కూడా అడగాలి.

అక్షరాస్యత, నిరుద్యోగం కూడా ఇంతే. 2011లో అనంతపురం జిల్లా అక్షరాస్యత 63.57 శాతం అంటే మొత్తం జనాభాలో కాదు, ఏడేళ్లు, ఆపై వయసు వాళ్లలో. నిరుద్యోగ రేటులో ఏడాది మొత్తంలో ఎక్కువ కాలం ఉన్న స్థితిని చూసే పద్ధతి ఒకటి, గత వారాన్ని చూసే పద్ధతి మరొకటి. రెండింటి అంకెలు వేరుగా వస్తాయి.

మన్రో చివరి ప్రయాణం

గవర్నర్ పదవి వదిలి ఇంటికి వెళ్లే ముందు మన్రో ఒకసారి దత్త మండలాలను చూడాలనుకున్నారు. 1827 జులై 6న నేటి కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో చనిపోయారు. గుత్తిలో ఖననం చేశారు. తర్వాత అవశేషాలను మద్రాసు సెయింట్ జార్జ్ కోటలోని చర్చికి తరలించారు. చెన్నైలో గుర్రం మీద ఉన్న ఆయన కంచు విగ్రహం ఇప్పటికీ ఉంది. ఈ సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవారూ ఉన్నారు. శిస్తు వసూలు చేసిన దొర పేరు పల్లెల్లో ఇలా నిలవడం అరుదు.

లెక్క కనిపించినప్పుడు అడగాల్సిన ఐదు ప్రశ్నలు

1. ఈ అంకె ఏ తేదీ లేదా ఏ కాలానికి చెందింది?

2. ఏ సరిహద్దులకు? జిల్లా పాతదా, కొత్తదా?

3. మాటకు అర్థం ఏమిటి? ఎవరిని నిరుద్యోగి అన్నారు, దేన్ని సాధారణ వాన అన్నారు?

4. అందరినీ లెక్కించారా, కొందరిని అడిగి అంచనా వేశారా? జవాబు ఇవ్వనివాళ్లు ఎవరు?

5. దేంతో భాగించారు, దేంతో పోల్చారు?

వీటికి జవాబులు సాధారణంగా నివేదిక చివర్లోనో, పోర్టల్‌లో మెటాడేటా అనే లింకులోనో ఉంటాయి. లేకపోతే సమాచార హక్కు దరఖాస్తులో అంకెతోపాటు పద్ధతినీ అడగొచ్చు.

2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా ప్రకటించిన జనగణన, శ్రీసత్యసాయి జిల్లాకు మొట్టమొదటిది. 2011లో అనంతపురం జిల్లా జనాభా 40,81,148. సోమందేపల్లె అందులోనే ఉంది. కొత్త లెక్కలో అనంతపురం జనాభా భారీగా తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ వార్త మీ ఫోన్‌లోకి వచ్చినప్పుడు రెండో ప్రశ్న గుర్తు చేసుకోండి.